రాత్రి చుక్క, పగటి చుక్క

చైనా ఆగ్నేయ తీరంలో అమోయ్ అనే రేవుపట్నం ఉంది. ఇప్పుడు దాన్ని షియామెన్ అంటున్నారు. 1870ల చివర్లో అక్కడ కస్టమ్స్ శాఖలో డాక్టరుగా ఉన్న ప్యాట్రిక్ మాన్సన్ ఇద్దరు స్థానిక సహాయకులకు రక్తపరీక్ష నేర్పాడు. వచ్చినవాళ్ల వేలు గుచ్చడం, చుక్క రక్తం గాజు పలక మీద పెట్టడం, మైక్రోస్కోపు కింద మెలికలు తిరిగే సన్నటి పురుగులుంటే రాసుకోవడం. ఒకతనికి పగలు తీరిక, ఇంకొకతనికి రాత్రి తీరిక. కొన్నాళ్లకు ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే పొంతన కుదరలేదు. రాత్రి చూసేవాడికి పురుగులున్నవాళ్లు చాలామంది దొరుకుతున్నారు. పగలు చూసేవాడికి అంతమంది దొరకడం లేదు.

పగటివాడు సరిగ్గా చూడటం లేదని తేల్చేసి ఊరుకోవడం తేలిక. మాన్సన్ అలా ఊరుకోలేదు. పురుగులున్నట్టు తెలిసినవాళ్లకే పగలూ రాత్రీ కొన్ని గంటలకోసారి రక్తం తీయించి చూశాడు. పొద్దుగూకాక ఒకటీ అరా మొదలై, అర్ధరాత్రికి వందల్లో పోగై, తెల్లవారేసరికి మళ్లీ మాయమవుతున్నాయి. సహాయకులు ఇద్దరూ సరిగ్గానే చూశారు. ఒకే మనిషి రక్తం పగలొకటి చెబుతోంది, రాత్రొకటి చెబుతోంది.

ఈ పురుగులు తెచ్చే బోదకాలు (ఫైలేరియా) పరీక్షల చరిత్ర చదువుతూ పోతే నాకు పదే పదే కనిపించినది ఇదే. రెండు పరీక్షలు ఒకే మాట చెప్పినప్పుడు కొత్తగా తెలిసిందేమీ లేదు. విభేదించినప్పుడు, ఆ తేడాను తప్పు కింద కొట్టిపారేయకుండా ఎవరైనా దాని వెంట పడినప్పుడు, జబ్బు గురించి ఒక కొత్త సంగతి బయటపడింది. నూటయాభై ఏళ్ల కథంతా దాదాపు ఇలాగే నడిచింది.

ఆ పురుగుల్ని మాన్సన్ మొదట చూసినవాడు కాదు. 1863లో పారిస్‌లో డెమార్కే ఒక రోగి వరిబీజం నీటిలో చూశాడు. 1866లో బ్రెజిల్‌లోని బహియాలో వుకరర్, పాలలా తెల్లబడిన మూత్రంలో చూశాడు. వాటిని మనిషి రక్తంలో చూపించినవాడు టిమోతీ లూయిస్, 1872లో, మన కలకత్తాలో. నాలుగేళ్లకు ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ ఒక చీముగడ్డలోంచి తల్లిపురుగును తీశాడు. దాంతో రక్తంలో కనిపించేవి పిల్లలని, తల్లులు వేరే చోట, శోషరస నాళాల్లో కాపురం ఉంటాయని తేలింది. వుకరర్, బాంక్రాఫ్ట్ ఇద్దరి పేర్లూ కలిపే ఈ పురుగును వుకరేరియా బాంక్రాఫ్టై అంటున్నారు. మాన్సన్ 1877లో తన తోటమాలి రక్తం తాగిన దోమల్ని కోసి, పిల్లపురుగులు దోమ ఒంట్లో పెరుగుతాయని చూపించాడు. అక్కడినుంచి మాత్రం దారి తప్పాడు. దోమ నీళ్లలో పడి చస్తే ఆ నీళ్లు తాగినవారికి జబ్బు వస్తుందనుకున్నాడు. దోమ తొండం గుండానే పురుగు మనిషిలోకి దిగుతుందని 1900లో గాని తేలలేదు.

రాత్రి ఎందుకు? మనవైపు ఈ జబ్బును మోసే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది. పిల్లపురుగు దోమ కడుపులోకి చేరితేనే దాని బతుకు ముందుకు సాగుతుంది, అందుకే దోమ వచ్చే వేళకు అది చర్మం కిందికి వస్తుంది. పగలు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో దాక్కుంటుంది. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ ఒక రోగిని పగలు నిద్రపోనిచ్చి రాత్రి మేలుకోబెడితే, కొన్నాళ్లకు పురుగులు కూడా వేళ మార్చుకుని పగలు పైకి రావడం మొదలుపెట్టాయి. అంటే వాటి లెక్క సూర్యుడితో కాదు, మనిషి నిద్రతో. పసిఫిక్ దీవుల్లో కొన్నిచోట్ల పగలు కుట్టే దోమలే ఈ జబ్బును మోస్తాయి. అక్కడి పురుగులు పగలే ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ సంగతి తెలిశాక డాక్టర్లకు పని సులువైందేమో గాని ఊళ్లవాళ్లకు కాదు. రాత్రి పది గంటల నుంచి రెండు గంటల లోపు రక్తం తీయాలి. మన దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన దగ్గర్నుంచి దశాబ్దాలపాటు గోదావరి జిల్లాల్లోనూ శ్రీకాకుళంలోనూ నల్గొండలోనూ జరిగింది ఇదే. ఆరోగ్య సిబ్బంది దాన్ని నైట్ బ్లడ్ సర్వే అంటారు. నాట్లకో కోతలకో పోయివచ్చి, ఇంత తిని పడుకున్న మనిషిని లేపి, ఎడమచేతి ఉంగరపు వేలు తుడిచి సూదితో గుచ్చుతారు. "రోగం ఏమీ లేదు కదమ్మా, మాకెందుకీ సూది?" అనే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కాలు వాచినవాళ్లలో చాలామంది రక్తంలో అసలు పిల్లపురుగులే కనిపించవు. పైకి ఏ రోగమూ లేనట్టున్న మనిషి రక్తం నిండా ఉండొచ్చు. కాబట్టి వాచిన కాళ్లను లెక్కపెడితే సరిపోదు. పడుకున్న ఇంటిల్లిపాదినీ లేపాల్సిందే.

తీసే రక్తం 20 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో యాభయ్యో వంతు. దాన్ని స్లైడు మీద మందంగా పరిచి రాత్రంతా ఆరనివ్వాలి. ఆరుతున్నప్పుడు మూత పెట్టకపోతే చీమలు, బొద్దింకలు ఆ రక్తాన్ని తినేసి పోతాయి. పొద్దున ఆ స్లైడును నీళ్లలో ఉంచితే ఎర్రదనమంతా కరిగిపోతుంది. తరువాత రంగు వేస్తారు. మైక్రోస్కోపు కింద పిల్లపురుగు పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ పొడవుతో, పల్చటి తొడుగులో, నునుపైన వంపులతో కనిపిస్తుంది. ఒంట్లో వరసగా ఊదారంగు చుక్కలుంటాయి. తోక చివర మాత్రం చుక్క ఉండదు. కేరళలో చేర్తల వైపు కనిపించే బ్రూజియా మలయి అనే మరో రకానికైతే తోక చివర రెండు చుక్కలుంటాయి. అలవాటైన టెక్నీషియన్ ఆ తోక చూసి రకం చెప్పేస్తాడు. ఏ రసాయన పరీక్షా ఇప్పటికీ ఇంత తక్కువ ఖర్చుతో ఆ మాట చెప్పలేదు.

అయితే స్లైడు మోసం చేస్తుంది, అదీ ఒకే వైపుకు. పురుగు కనిపిస్తే ఉన్నట్టే. కనిపించకపోతే లేనట్టు కాదు. ఒక మనిషి మిల్లీలీటరు రక్తంలో సగటున 50 పిల్లపురుగులుంటే 20 మైక్రోలీటర్ల చుక్కలోకి సగటున ఒకటి వస్తుంది. సగటున ఒకటంటే ప్రతిసారీ ఒకటని కాదు. పురుగులు రక్తమంతటా సమానంగా చెదిరి ఉన్నాయనుకున్నా, నూరుసార్లు చుక్క తీస్తే దాదాపు 37 సార్లు ఒక్కటీ రాదు. మిల్లీలీటరుకు ఒక్కటే ఉంటే నూటికి 98 స్లైడ్లు ఖాళీగా కనిపిస్తాయి. జబ్బు ముమ్మరంగా ఉన్న ఊళ్లో ఈ లోపం పెద్దగా బాధించదు. మందులిచ్చి జబ్బును తగ్గించుకొచ్చిన ఊళ్లోనే ఇది పీకల మీదికి వస్తుంది. పురుగులు పల్చబడేకొద్దీ స్లైడు గుడ్డిదవుతుంది. జబ్బు పోయిందా, పరీక్షకు కనిపించడం మానేసిందా అన్నది ఆ స్లైడును బట్టి చెప్పలేం.

దీనికి విరుగుడుగా ఎక్కువ రక్తం తీసుకునే పద్ధతులు వచ్చాయి. 1939లో నాట్ అనే పరిశోధకుడు ఒక మిల్లీలీటరు రక్తాన్ని ఫార్మలిన్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినది చూసే పద్ధతి తెచ్చాడు. తరువాత సన్నని రంధ్రాలున్న పొర గుండా రక్తాన్ని వడగట్టే పద్ధతి వచ్చింది. వీటితో పోల్చినప్పుడే వేలి చుక్క ఎందరిని వదిలేస్తోందో లెక్క తేలింది. కానీ సిర నుంచి రక్తం తీయాలంటే సిరంజి కావాలి, చేయి తిరిగినవాళ్లు కావాలి. పైగా ఇదీ రాత్రే జరగాలి. అందుకే ఈ పద్ధతులు ఊరూరికీ పాకలేదు.

రాత్రిని పగటికి తెచ్చిన మొదటి ఉపాయం మందు నుంచి వచ్చింది, ఆ మందు వెనక మన మనిషి ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు ఫైలేరియా బారిన పడ్డారు. మందు కోసం వెతుకులాట ముమ్మరమైంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పుడు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడు. ఆ బృందం ఒకజాతి ఎలుకల్లో సహజంగా ఉండే ఫైలేరియా పురుగుల మీద రసాయనాలను ఒకదాని తరువాత ఒకటి ప్రయోగించి చూసింది. 1947లో డైఇథైల్‌కార్బమజైన్ పని చేస్తుందని ప్రకటించింది. ఆ పత్రం రాసినవారిలో సుబ్బారావు పేరుంది. హెట్రజాన్ పేరుతో అమ్మిన ఆ మందే ఇవాళ మన ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర. బోదకాళ్లు ఊరూరా కనిపించే డెల్టాలో పుట్టినవాడు ఆ జబ్బుకు మందు తెచ్చినవారిలో ఉండటం నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి. అది ఊళ్లకు చేరడం చూడకుండానే ఆయన 1948లో కన్నుమూశారు.

ఆ మందుకు ఇంకో గుణం ఉంది. పగటిపూట ఒక చిన్న మోతాదు మింగితే, దాక్కున్న పిల్లపురుగులు అరగంట నుంచి గంటలోపు చర్మం కింది రక్తంలోకి వచ్చేస్తాయి. 1970 తరువాత దీన్ని పగటి పరీక్షగా వాడి రాత్రి స్లైడుతో పోల్చి చూశారు. పురుగులు బాగా ఉన్నవారిలో రెండూ కలిశాయి, పల్చగా ఉన్నవారిలో పగటిది కొంత వెనకబడింది. ఆఫ్రికాలో నదీ తీరాల్లో కంటిచూపు పోగొట్టే మరో పురుగు ఉంది. అది ఒంట్లో ఉన్నవాడికి డీఈసీ ఇస్తే ప్రమాదం కాబట్టి ఆ ప్రాంతాల్లో ఈ పరీక్ష పనికిరాలేదు.

అసలు మలుపు వేరే చోట వచ్చింది. కుక్కల గుండెలో పెరిగే ఒక పురుగుంది, ఇది ఫైలేరియాకు దాయాది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ వైల్ బృందం ఆ కుక్కల పురుగు మీద ఒక మోనోక్లోనల్ యాంటీబాడీని, అంటే ఒకే లక్ష్యాన్ని పట్టుకునే ప్రొటీన్‌ను, తయారుచేసింది. దాయాదులు కాబట్టి పైన ఉండే చక్కెర గొలుసుల్లో పోలికలున్నాయి. ఆ యాంటీబాడీ మనిషి ఫైలేరియా విడుదల చేసే పదార్థాన్ని కూడా పట్టుకుంది. 1987లో ఆ పరీక్ష గురించి వచ్చిన పత్రంలో వైల్ పక్కన ఉన్నవి ఎక్కువగా భారతీయ పరిశోధకుల పేర్లే. ఇక్కడ మన దేశంలో, సేవాగ్రామ్‌లో హరినాథ్ అనే పరిశోధకుడి బృందం కూడా ఫైలేరియాను రక్తంలోని యాంటిజెన్, యాంటీబాడీల ద్వారా గుర్తించే పని ఏళ్ల తరబడి చేసింది. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో పశువుల పురుగు నుంచి మరో యాంటీబాడీ వచ్చింది. దాని పరీక్ష 1990లో బయటికొచ్చింది.

ఈ కొత్త పరీక్షలు పిల్లపురుగుల కోసం వెతకవు. తల్లిపురుగులు శోషరస నాళాల్లో ఉండి రక్తంలోకి విడిచే పదార్థాన్ని వెతుకుతాయి. యాంటిజెన్ అనే ఆ పదార్థం రాత్రీ పగలూ ఒకేలా ఉంటుంది. 1997లో ఈ పరీక్ష అట్ట కార్డు రూపంలో వచ్చింది. 100 మైక్రోలీటర్ల వేలి రక్తం వేసి, కార్డు మూసి, పది నిమిషాలకు చూస్తే ఒక గీతా రెండు గీతలా తెలిసిపోతుంది. విద్యుత్తు అక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు, ఎవరినీ నిద్రలేపక్కర్లేదు. అదే ఏడాది ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించాలని ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. 2000లో ఆ కార్యక్రమం మొదలయ్యేసరికి చేతిలో కార్డు సిద్ధంగా ఉంది.

అప్పుడు మళ్లీ పోలిక మొదలైంది, మళ్లీ విభేదాలు. స్లైడు ఖాళీగా ఉన్నవాళ్లకు కార్డు మీద రెండు గీతలొస్తున్నాయి. అప్పటిదాకా స్లైడే ప్రమాణం. ప్రమాణం 'లేదు' అన్నదాన్ని కొత్త పరీక్ష 'ఉంది' అంటే పుస్తకం ప్రకారం కొత్తదే తప్పు. నిజంగా తప్పా, లేక ప్రమాణానికే చూపు తక్కువా? రెండు పరీక్షల్ని ఎంతసేపు ఒకదాని పక్కన ఒకటి పెట్టినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. మూడో సాక్ష్యం కావాలి. అది బ్రెజిల్‌లోని రెసిఫేలో దొరికింది. 1994లో అక్కడి డాక్టర్లు అల్ట్రాసౌండ్‌తో మగవాళ్ల వృషణాల దగ్గరి శోషరస నాళాలు చూస్తే, తల్లిపురుగులు అక్కడ ఆగకుండా మెలికలు తిరుగుతూ కనిపించాయి. దానికి ఫైలేరియా నాట్యం అని పేరు పెట్టారు. ఇది మైక్రోస్కోపు మీద, కార్డు మీద ఆధారపడని సాక్ష్యం. పిల్లపురుగులు రక్తంలో దొరకని మనిషిలో కూడా తల్లిపురుగులు సజీవంగా ఉండొచ్చని అది కళ్లకు కట్టింది.

ప్రతి ఊరికీ అల్ట్రాసౌండ్ తీసుకుపోలేం. అందుకు గణాంకశాస్త్రం ఒక దారి చూపింది. 1980లో హుయ్, వాల్టర్ అనే ఇద్దరు ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఇద్దరు సాక్షులున్నారు, ఇద్దరూ అప్పుడప్పుడు పొరబడతారు, ఒకరి మాట విని ఇంకొకరు చెప్పరు. జబ్బు ఎక్కువున్న ఊరినీ తక్కువున్న ఊరినీ ఇద్దరికీ చూపిస్తే, ఎక్కడ కలిశారు ఎక్కడ విడిపోయారు అన్న లెక్కనుంచే ఒక్కొక్కరు ఎంత పొరబడతారో రాబట్టవచ్చు. ఎవరినీ ప్రమాణంగా కూర్చోబెట్టనక్కర్లేదు. పల్లెల్లో పురుగుల పరీక్షల్ని పోల్చేవారికి ఇది పెద్ద ఊరట. చిక్కల్లా సాక్షులు నిజంగా విడివిడిగా చెప్పాలన్న షరతు దగ్గరే. రెండూ ఒకే యాంటీబాడీతో చేసిన పరీక్షలైతే రెండూ ఒకే చోట తప్పుతాయి. ఆ ఏకాభిప్రాయం చూసి మురిసిపోతే మోసపోతాం.

కార్డుకు సొంత లోపాలూ ఉండేవి. చల్లని చోట దాచకపోతే త్వరగా పాడయ్యేది. పది నిమిషాలు దాటాక చూస్తే లేని గీత వచ్చేది. చెట్టు కింద యాభైమంది వరసలో ఉన్నప్పుడు ఒక్క మనిషి గడియారం చూస్తూ ఒక్కో కార్డునూ సరిగ్గా పదో నిమిషానికి చదవాలంటే అయ్యే పని కాదు. దీని స్థానంలో స్ట్రిప్ వచ్చింది. 75 మైక్రోలీటర్ల రక్తం చాలు, ఫలితం కాస్త నిలకడగా ఉంటుంది. 2013లో వైల్ బృందం ఈ రెండింటి పోలికను ప్రచురించింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. ప్రయోగశాలలో దాచిన 227 నమూనాల మీద కార్డు, స్ట్రిప్ 99 శాతానికి పైగా ఏకీభవించాయి. అక్కడితో ఆగితే రెండూ ఒకటేనని రాసి ఫైలు మూసేసేవారు. వాళ్లు లైబీరియాలో జబ్బున్న పల్లెలకు వెళ్లి 503 మందికి రెండు పరీక్షలూ చేశారు. కార్డు 98 మందిలో పట్టింది. స్ట్రిప్ 124 మందిలో పట్టింది.

ప్రయోగశాలలో కనపడని ఆ 26 మంది తేడా పల్లెలో ఎందుకు కనిపించింది? ఫ్రిజ్‌లో దాచే నమూనాలు సాధారణంగా గట్టి పాజిటివ్‌లు, గట్టి నెగెటివ్‌లు. జబ్బు అటూ ఇటూ కాకుండా అంచున ఉన్నవాళ్లు పల్లెలోనే దొరుకుతారు. పరీక్ష అసలు బలం తేలేది వాళ్ల దగ్గరే. చెమట పట్టిన చేతులు, ఎండ వెలుతురు, పల్చటి గీత, వరసలో ఏడ్చే పిల్ల, ఇవన్నీ కలిసిన చోట చేసిన పోలికకే విలువ అని నా గట్టి నమ్మకం. ప్రయోగశాలలో 99 శాతం అని అట్టపెట్టె మీద అచ్చువేసినదాన్ని చూసి ఒక జిల్లా కార్యక్రమం నిర్ణయాలు తీసుకోకూడదు.

ఇంకో సంగతి ఆఫ్రికా మధ్యభాగంలో తేలింది. అక్కడ లోవా లోవా అనే కంటిపురుగు ఉంది. అది రక్తంలో విపరీతంగా ఉన్నవాళ్లకు, బోదకాలు పురుగు లేకపోయినా స్ట్రిప్ పాజిటివ్ వస్తోంది. మళ్లీ విభేదమే. కుక్కల దాయాదిని చూసి పట్టినది ఇంకో దాయాదిని చూసి పొరబడింది. కేరళలోని బ్రూజియానైతే స్ట్రిప్ అసలు పట్టదు. దానికి మలేసియాలో రహ్మా నూర్దీన్ బృందం అభివృద్ధి చేసిన యాంటీబాడీ పరీక్ష వాడాలి. అన్నిచోట్లకూ ఒకటే పరీక్ష సరిపోదు.

జబ్బు బాగా తగ్గాక లెక్క తలకిందులవుతుంది. వెయ్యిమంది బడిపిల్లల్లో నిజంగా జబ్బున్నవాళ్లు ఐదుగురే అనుకుందాం. జబ్బు లేనివాళ్లలో నూటికి ఒక్కరి దగ్గరే తప్పే మంచి పరీక్షైనా పదిమంది ఆరోగ్యవంతులకు పాజిటివ్ చూపిస్తుంది. అంటే దొరికిన పదిహేనుమందిలో పదిమందికి ఏమీ లేదు. జబ్బు ముమ్మరంగా ఉన్నప్పుడు ఎవరినీ వదలని పరీక్ష కావాలి, చివరి దశలో ఎవరి మీదా నింద వేయని పరీక్ష కావాలి. నిర్మూలన సర్వేల్లో ఆరేడేళ్ల పిల్లల్నే చూస్తారు. సామూహికంగా మందులివ్వడం మొదలయ్యాక పుట్టినవాళ్లు కాబట్టి వాళ్ల రక్తంలో యాంటిజెన్ కనిపిస్తే జబ్బు ఈమధ్య కూడా పాకుతోందని అర్థం. క్యూలెక్స్, అనాఫిలిస్ దోమలున్న చోట రెండు శాతాన్ని హద్దుగా పెట్టుకున్నారు.

ఇప్పుడు ఐవర్‌మెక్టిన్, డీఈసీ, ఆల్బెండజోల్ మూడూ కలిపి ఇచ్చే విధానం వచ్చింది. 2018లో పాపువా న్యూగినీ నుంచి ప్రచురించిన పరిశోధనలో, ఒక్క విడతతోనే దాదాపు అందరి రక్తంలోనూ మూడేళ్లపాటు పిల్లపురుగులు కనిపించలేదు. భారత్ కూడా అదే ఏడాది చివర్లో దీన్ని మొదలుపెట్టింది. కానీ ఈ మందులు తీసుకున్నవారిలో చాలామందికి స్ట్రిప్ మీద రెండో గీత పోదు. పిల్లలు లేవు, తల్లుల ఆనవాలు ఉంది. తల్లిపురుగులు బతికే ఉన్నా గొడ్డుపోయాయని పరిశోధకుల అనుమానం. అలాంటి మనిషి నుంచి దోమకు ఎక్కేదేమీ లేదు, కాబట్టి ఊరికి ప్రమాదం లేదు. స్ట్రిప్ ఒక్కదాన్నే నమ్మితే జబ్బు పోయిన ఊళ్లో కూడా మందులు పంచుతూనే ఉండాల్సి వస్తుంది.

అందుకే మూడు మందుల జిల్లాల్లో సర్వే రెండు మెట్లుగా చేస్తారు. ఇరవై ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు ముందు స్ట్రిప్ పరీక్ష చేస్తారు. రెండు గీతలొచ్చినవాళ్ల దగ్గరికే రాత్రి పది దాటాక స్లైడు పట్టుకుని మళ్లీ వెళతారు. పిల్లపురుగులున్నవాళ్లు ఒక శాతం లోపుంటే ఆ ప్రాంతానికి మందుల పంపిణీ ఆపవచ్చు. పగటి పరీక్ష ఊరినంతా జల్లెడపట్టి కొద్దిమందిని తేలుస్తుంది, రాత్రి పరీక్ష ఆ కొద్దిమంది రక్తంలో దోమకు అందేదేమైనా ఉందా లేదా చెబుతుంది. తల్లిపురుగు బతికి ఉందా, పిల్లల్ని కనగలదా అన్న రెండు ప్రశ్నలకూ పగలే, ఒక్క చుక్కతోనే జవాబిచ్చే పరీక్ష ఊళ్లలో తిరిగే సిబ్బంది చేతికి ఇంకా రాలేదు. అది వచ్చేదాకా పల్లెల్లో ఈ రెండూ కలిసే పనిచేయాలి.